శ్రమదినములలో జూవెట్ దొరగారి జ్ఞాపకము



శ్రమదినములు వచ్చినవి. ఈ నలువది దినములలో ఉపవాసము, ప్రార్థన మనకు వాడుకయే. కాని దేవుడు ఉంచిన చోట మనస్సు నిలిపి, ఉన్నదానికి కృతజ్ఞత చెల్లించుట అంత సులువు కాదు. అట్లు నిలిచిన లైమన్ జూవెట్ దొరగారిని ఈ మారు జ్ఞాపకము చేసికొందము.

వారు 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రములో జన్మించిరి. 1849లో దొరసానిగారితో నెల్లూరు చేరిరి. 1840లో డే దొరగారు అక్కడ ప్రారంభించిన పనికి అప్పటికి ఫలము బహు కొద్ది. ఆ మిషనును మూసివేయవలెనా అని అమెరికాలోని పెద్దలు 1853లో చర్చించిరి.

ఆ దినములలోనే, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, జూవెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ యెక్కిరి. మొత్తము ఐదుగురే. క్రింద ఊరిలో వారికి సంఘము లేదు, మందిరము లేదు. అయినను ఎదుట కనబడు ఆ ఊరికొరకే మోకరించి, సేవకుని పంపుమని వేడుకొనిరి.

జవాబు వెంటనే రాలేదు. 1862లో దొరగారు స్వదేశమునకు వెళ్లగా మూసివేత మాట మరల లేచెను. ఎవరు రాకున్నను తాను తెలుగువారి మధ్యకు తిరిగి వెళ్లుదునని వారు పట్టుపట్టిరి. 1865లో క్లౌ దొరగారిని వెంటబెట్టుకొని వచ్చిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘము ఏర్పడెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కోత క్లౌ దొరగారి పేర చెప్పబడినను జూవెట్ దొరగారు అసూయపడక, తెలుగు బైబిలు పనిలో శ్రమించి, 1897లో ప్రభువునందు నిద్రించిరి.

చాంపియన్ రీఫ్స్‌లోని మనకు మూసివేత అనగానేమో తెలియును. 2001లో గనులు మూతపడెను. మన పిల్లలనేకులు చీకటితోనే బెంగుళూరు రైలు ఎక్కుచున్నారు. కూటములో చేతిలో పాటల పుస్తకమున్నను, మనస్సు పోయిన జీతమును, రేపటి రైలును తలంచును.

కావున ఈ నలువది దినములు ఉదయమున కొద్దిసేపు గుమ్మమువద్ద నిలుచుందము. సైనైడు దిబ్బలను, పొరుగింటి దీపమును, కుళాయివద్ద బిందెలను కన్నులారా చూతము. ఆ దినమున మేలు చేసిన ఒకరి పేరు చెప్పి స్తుతించుదము. తరువాతనే అడుగుదము. కొండమీది ఐదుగురికంటె మనము ఎక్కువమందిమే యున్నాము.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక.