మబ్బుల ఎత్తు లెక్క – ఇబ్నుల్ హైసమ్ జీవితం

నేల మీది నీరు ఆవిరై పైకి లేస్తుంది, మబ్బవుతుంది. అయితే ఆ ఆవిరి ఎంత ఎత్తుకు వెళుతుంది? మనిషి విమానం ఎక్కడానికి వందల ఏళ్ల ముందే, నేల మీద నిలబడి ఈ ఎత్తును లెక్కగట్టిన పండితులు ఇస్లామీయ ప్రపంచంలో ఉన్నారు. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం ఇబ్నుల్ హైసమ్ పేరు చెప్పుకుంటాం. వ్యాసాల్లోనూ, ఉపన్యాసాల్లోనూ ఆ ఘనత ఆయనకే కట్టబెడుతుంటాం. ఆ మహా పండితుని జీవితాన్నీ, ఈ లెక్క వెనుక ఉన్న అసలు సంగతినీ ఈ వారం తెలుసుకుందాం.

బస్రా నుంచి కైరోకు

అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్ సుమారు క్రీ.శ. 965లో ఇరాక్‌లోని బస్రా నగరంలో జన్మించారు. యూరప్ వారు ఆయన్ను అల్‌హాజెన్ అని పిలుచుకున్నారు. గణితంలో, ఖగోళ శాస్త్రంలో ఆయన పేరు చిన్న వయసులోనే దూరదేశాలకు పాకింది. నైలు నది వరదలను అదుపు చేసే ఉపాయం తన దగ్గర ఉందని ఆయన అన్న మాట ఈజిప్టు పాలకుడు, ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం చెవిన పడింది. ఖలీఫా ఆయన్ను కైరోకు పిలిపించుకున్నాడు.

ఇబ్నుల్ హైసమ్ పనివారిని వెంటబెట్టుకుని నది వెంట దక్షిణాన అస్వాన్ దాకా వెళ్లారు. దారి పొడవునా ప్రాచీన ఈజిప్షియన్లు కట్టిన మహా నిర్మాణాలను చూశారు. ఇంత నేర్పు ఉన్నవారు కూడా నైలును కట్టడి చేయలేదంటే అది సాధ్యం కాని పని అయి ఉండాలని ఆయనకు అర్థమైంది. తిరిగి వచ్చి, తన వల్ల కాదని ఖలీఫా ముందు ఒప్పుకున్నారు.

అల్ హాకిం ఎప్పుడు కరుణిస్తాడో, ఎప్పుడు కన్నెర్ర చేస్తాడో తెలియని పాలకుడు. అతని ఆగ్రహానికి భయపడి ఇబ్నుల్ హైసమ్ పిచ్చివానిలా నటించారనీ, 1021లో ఖలీఫా మరణించేదాకా ఇంటికే పరిమితమయ్యారనీ తర్వాతి కాలపు చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత ఆయన అల్ అజ్‌హర్ మస్జిద్ సమీపంలో నివాసం ఏర్పరచుకున్నారు. యూక్లిడ్ జ్యామితి, టాలమీ ఖగోళ గ్రంథం వంటివాటికి ఏటా చేతిరాత ప్రతులు తయారుచేసి అమ్మేవారు. వాటిపై వచ్చే 150 దీనార్లతో ఏడాదంతా గడుపుకునేవారట. సుమారు 1040లో కైరోలోనే కన్నుమూశారు.

వెలుగును చదివిన మనిషి

ఆయన కీర్తికి మూలం ఏడు భాగాల కితాబుల్ మనాజిర్. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకడం వల్ల మనకు చూపు కలుగుతుందని అంతకుముందు చాలామంది నమ్మేవారు. అలా కాదనీ, వస్తువు మీద పడిన వెలుగు అక్కడి నుంచి మన కంటిని చేరుతుందనీ ఆయన ప్రయోగాలతో నిరూపించారు. గాలి నుంచి నీటిలోకి, గాజులోకి వెళ్లేటప్పుడు కిరణం ఎలా వంగుతుందో పరీక్షించి రాశారు.

పూర్వులు చెప్పారు కాబట్టి నిజమని ఆయన ఒప్పుకునేవారు కారు. టాలమీ సిద్ధాంతాలపై తన సందేహాలను విడిగా ఒక గ్రంథంగా రాశారు. సత్యాన్ని కోరేవాడు ఇతరుల రాతల్నే కాదు, తన సొంత అభిప్రాయాన్ని కూడా అనుమానించి చూసుకోవాలని అందులో బోధించారు. ఈ ఒక్క బోధ మనం గుర్తుంచుకుందాం. ముందు ముందు దీనితో మనకు పని ఉంది.

సంధ్య వెలుగుతో ఎత్తు లెక్క

1572లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో కితాబుల్ మనాజిర్ లాటిన్ అనువాదం అచ్చయింది. అదే సంపుటిలో ఆయన పేరుతోనే మరో చిన్న గ్రంథం కూడా వచ్చింది. సంధ్య వెలుగు గురించి, మేఘాలు పైకి లేవడం గురించి దాని పేరులోనే ఉంది. అంతకు 30 ఏళ్ల ముందు, 1542లో, అది లిస్బన్‌లోనూ ఆయన పేరుతోనే వెలువడింది.

అందులోని తర్కం చక్కనిది. సూర్యుడు అస్తమించగానే చీకటి పడదు. నేల మీద ఉన్న మనకు ఎండ అందకపోయినా పైనున్న ఆవిరికి అందుతూనే ఉంటుంది. ఆ ఆవిరి వెలుగును కిందికి పంపుతుంది. సూర్యుడు దిగువకు జారేకొద్దీ ఎండ ఇంకా ఇంకా పైభాగానికే తగులుతుంది. ఆవిరి పైఅంచును కూడా ఎండ దాటిపోయినప్పుడు సంధ్య ముగుస్తుంది. తెల్లవారుజామున ఇదే తిరగబడి జరుగుతుంది.

ఆ క్షణాన సూర్యుడు క్షితిజ రేఖకు సుమారు 18, 19 డిగ్రీల కింద ఉంటాడు. ఫజ్ర్ నమాజ్ ఆరంభ సమయాన్నీ, ఇషా సమయాన్నీ తెలిపే పట్టికలు చూసేవారికి ఈ అంకె కొత్త కాదు. మన ఉపఖండంలోని అనేక పట్టికలకు ఆధారం 18 డిగ్రీలే. ఈ అంకెతో పాటు భూమి చుట్టుకొలత తెలిస్తే మిగిలింది త్రిభుజాల లెక్క. చుట్టుకొలతను 24,000 మైళ్లుగా తీసుకుని చేసిన ఆ లెక్కలో ఆవిరి పైఅంచు సుమారు 52 మైళ్ల ఎత్తున తేలింది. కొలతకు కావలసిందల్లా ఆకాశాన్ని ఓపికగా చూసే కళ్లూ, గణితమూ!

అసలు కర్త ఎవరు?

ఇన్ని శతాబ్దాలు ఇబ్నుల్ హైసమ్ పేరుతో చెలామణి అయిన ఆ గ్రంథం నిజానికి ఆయనది కాదు. ఈజిప్టులో పుట్టిన విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు అబ్దుల్ హమీద్ సబ్రా 1967లో ఈ సంగతిని నిరూపించారు. హీబ్రూ భాషలోని అనువాదంలో అసలు కర్త పేరు నిలిచి ఉంది. ఆయన అబూ అబ్దుల్లా ముహమ్మద్ ఇబ్న్ ముఆజ్ అల్ జయ్యానీ. స్పెయిన్‌లోని జయాన్ నగరానికి ఖాజీ, గోళీయ త్రికోణమితిలో దిట్ట. 1079 జూలై 1న తన నగరంలో కనిపించిన సంపూర్ణ సూర్యగ్రహణం గురించి కూడా ఆయన రాశారు. అప్పటికి ఇబ్నుల్ హైసమ్ కన్నుమూసి దాదాపు 40 ఏళ్లు.

మరో పొరపాటు కూడా మనలో ప్రచారంలో ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడటం గురించి చెప్పే మీజానుల్ హిక్మా అనే గ్రంథాన్ని ఇబ్నుల్ హైసమ్‌దిగా చెబుతుంటారు. అది మర్వ్ నగరంలో అల్ ఖాజినీ 1121 ప్రాంతంలో రాసినది. లాటిన్‌లో ఇద్దరి పేర్లూ ఒకేలా ధ్వనించడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

గమనించవలసిన విషయం ఒకటుంది. ఇబ్నుల్ హైసమ్ మీద గౌరవం లేనివారెవరో ఈ ఘనతను ఆయన నుంచి లాగేసుకోలేదు. కితాబుల్ మనాజిర్‌లోని మొదటి మూడు భాగాలను ఆంగ్లంలోకి అనువదించి 1989లో ప్రచురించినవారు కూడా ఈ సబ్రాయే. ఆ పండితుని కోసం ఏళ్ల తరబడి శ్రమించిన అభిమానే ఆయనది కాని దాన్ని పక్కకు తీసి, అసలు యజమానికి అప్పగించారు.

నేటి లెక్క

52 మైళ్లు అన్నది ఆవిరి చేరగల గరిష్ఠ ఎత్తుకు వేసిన అంచనా. వాన మబ్బులు అంతకంటే ఎంతో కింద ఉంటాయి. వాటి అడుగు భాగం ఎత్తు తెలుసుకోవడానికి నేడు వేరే దారి ఉంది. చల్లని నీళ్లు పోసిన గ్లాసు బయట నీటి బొట్లు పడతాయి కదా! గాలి అలా చల్లబడి, అందులోని ఆవిరి బొట్లుగా మారే ఉష్ణోగ్రత ఒకటుంది. దానికీ, నేల మీది ఉష్ణోగ్రతకూ మధ్య ఉన్న తేడాలో ప్రతి సెల్సియస్ డిగ్రీకి సుమారు 125 మీటర్ల చొప్పున లెక్కవేయాలి. నేల మీద 34 డిగ్రీలు ఉండి, బొట్లు కట్టే ఉష్ణోగ్రత 22 అయితే తేడా 12. అంటే ఎండ వేడికి పైకి లేచిన గాలి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున మబ్బు కడుతుంది.

ఎవరి హక్కు వారికి

ఇబ్నుల్ హైసమ్‌కు అరువు నగలు అక్కరలేదు. 2015ను ఐక్యరాజ్యసమితి కాంతికి అంకితమైన అంతర్జాతీయ సంవత్సరంగా జరిపినప్పుడు, వెయ్యేళ్ల నాటి ఆయన కృషిని ప్రపంచమంతా స్మరించుకుంది. నైలు విషయంలో తనకు చేతకాదని పాలకుని ఎదుటే ఒప్పుకున్న మనిషికి తాను రాయని పుస్తకం పేరుతో పొగడ్తలు చేస్తే అది గౌరవం అనిపించుకోదు. పైగా జయాన్ ఖాజీ హక్కును మనమే మరుగున పడేసినట్టవుతుంది.

మన పిల్లలకు పూర్వ పండితుల గురించి గర్వంగా చెబుదాం. కానీ విచారించి చెబుదాం. ఒక్క తప్పు మాట దొరికితే వినేవారు పది నిజాలను కూడా అనుమానిస్తారు. ఇకమీదట మబ్బుల ఎత్తు ప్రస్తావన వచ్చినప్పుడు ఇబ్న్ ముఆజ్‌ను పేరుపెట్టి తలచుకుందాం. వెలుగు గురించి మాట్లాడేటప్పుడు ఇబ్నుల్ హైసమ్‌ను స్మరించుకుందాం. సందేహించి, పరీక్షించి, ఆపైనే ఒప్పుకోవాలన్న ఆయన బోధను అప్పుడే పాటించినవారమవుతాం.