కొల్లాజెన్ గుట్టు విప్పిన రామచంద్రన్

ఇంట్లో పెద్దాయన చెయ్యి ఊరికే ఒడిలో పెట్టుకున్నప్పుడు వణుకుతోందా? నడక నెమ్మదించిందా? కురవి చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది దాన్ని ముసలితనం కింద జమకట్టేస్తారు. అదే జబ్బుతో చివరి రోజులు గడిపిన ఓ శాస్త్రవేత్త గురించి తెలుసుకోండి.

జి.ఎన్. రామచంద్రన్ 1922లో ఎర్నాకుళంలో పుట్టారు. బెంగళూరులో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరిన ఆయన్ను సి.వి. రామన్ భౌతికశాస్త్రం వైపు మళ్లించారు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యారు.

అక్కడ ఆయన చేపట్టింది కొల్లాజెన్. చర్మంలో, ఎముకల్లో కణాలను పట్టి ఉంచే ప్రొటీన్ ఇది. మూడు పోగులు పేనిన తాడులా ఉంటుందని 1954లో గోపీనాథ్ కర్తాతో కలిసి చూపారు. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం ఉండబట్టే పోగులు అంత దగ్గరగా అల్లుకుంటాయి. 1971లో లక్ష్మీనారాయణన్‌తో కలిసి, ఎక్స్‌రే నీడల నుంచి లోపలి బొమ్మ కట్టే లెక్కను సులువు చేశారు. సీటీ స్కాన్‌కు అలాంటి లెక్కే ఆధారమైంది.

మెదడులోనూ కణాల చుట్టూ ఓ వల ఉంటుంది. హైఅల్యురోనిక్ ఆమ్లం, చక్కెర గొలుసులు తొడిగిన ప్రొటీన్లు అందులో ఎక్కువ. కొల్లాజెన్ ప్రధానంగా రక్తనాళాల గోడల్లో ఉంటుంది. అల్జీమర్స్, పార్కిన్సన్స్ జబ్బుల్లో ఈ వల ఎలా మారుతుందో పరిశోధకులు చూస్తున్నారు. దాన్ని బాగుచేసే మందు ఇంకా చేతికి రాలేదు.

1998లో రామచంద్రన్ భార్య రాజలక్ష్మి చనిపోయారు. చివరి ఏళ్లలో పక్షవాతం, పార్కిన్సన్స్ రెండూ ఆయన్ను కుంగదీశాయి. 2001 ఏప్రిల్ 7న చెన్నైలో కన్నుమూశారు. ఎంత మేధావినైనా ఈ జబ్బు వదలదు. కాబట్టి ఇది రోగి తప్పని గానీ, చేసుకున్న కర్మ అని గానీ అనుకోకండి.

కొల్లాజెన్ పొడి తాగితే మెదడు బాగవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కడుపులోకి వెళ్లాక అదీ మిగతా ప్రొటీన్లలాగే ముక్కలై అరిగిపోతుంది. వణుకు, బిగుతు, చేతిరాత చిన్నదవడం, వాసన తెలియకపోవడం కనిపిస్తే జనరల్ మెడిసిన్ ఓపీకి తీసుకురండి. లెవోడోపా మాత్రలతో చాలామందికి కదలిక మెరుగవుతుంది. వాటిని సొంతంగా, ఉన్నట్టుండి ఆపకండి. కురవి వీరన్నకు మొక్కుకోండి, ఆసుపత్రికీ రండి.