మంచుదారుల వృద్ధవీరుడు యోహాన్సెన్

వార్ధక్యం అనగానే మన కన్నులముందు మెదిలేవి చేతికర్ర, పడకకుర్చీ, నీరసం. కాని ఒక్క కర్ర కాదు, రెండు కర్రలు చేతబట్టి, నూరేళ్లు నిండిన తరువాత కూడా మంచుకొండలలో పయనించిన మహనీయుడొకరు ఉన్నారు. ఆయనే హెర్మన్ స్మిత్ యోహాన్సెన్. మంచు ఎరుగని మన నేలపై పుట్టిన విద్యార్థులకు ఆయన పేరు కొత్త కావచ్చు. ఆయన జీవితం బోధించే పాఠం మాత్రం ఏ దేశానికైనా వర్తిస్తుంది.

యోహాన్సెన్ 1875 జూన్ 15న నార్వే దేశంలోని హోర్టెన్ పట్టణంలో జన్మించారు. ఏటా కొన్ని నెలలపాటు మంచు కప్పుకొనే ఆ దేశంలో స్కీయింగు కేవలం వినోదం కాదు. పొడవైన సన్నని పలకలను పాదాలకు తగిలించుకొని, చేతికర్రల ఊతతో మంచుపై జారుతూ సాగడం అక్కడ తరతరాల ప్రయాణ విధానం. బాల్యంలోనే అది ఆయనకు అబ్బింది. బెర్లిన్ నగరంలో ఇంజనీరింగు చదివి, 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికా చేరి, భారీ యంత్రాలు విక్రయించే వృత్తిలో స్థిరపడ్డారు. ఆ పనిమీదనే కెనడా అడవులలో సంచరించారు. అక్కడి క్రీ ఆదివాసులు వెడల్పాటి మంచుజోళ్లతో నడిచేవారు. వారి నడుమ స్కీలపై చెవులపిల్లివలె దూసుకుపోయే ఈ అతిథికి వారు కుందేలు పేరే పెట్టారు. జాక్‌రాబిట్ అనే ఆ పేరుతోనే లోకం ఆయనను ఎరుగును.

1928లో ఆయన మాంట్రియల్ నగరానికి తరలివచ్చారు. మరుసటి ఏడే ప్రపంచ ఆర్థికమాంద్యం ముంచుకొచ్చింది. వ్యాపారం కూలిపోయింది. యాభై అయిదేళ్ల ప్రాయంలో, భార్య, ముగ్గురు బిడ్డలతో, సంపాదించినదంతా పోగొట్టుకొని నిలిచిన మనిషి ఏమి చేయాలి? ఆయన గొడ్డలి చేతబట్టారు. క్విబెక్ రాష్ట్రంలోని లారెన్షియన్ కొండలలో కాపురం పెట్టి, అడవిలో స్కీదారులు తీర్చారు. వాటిలో ప్రసిద్ధమైన మేపుల్ లీఫ్ బాట లబెల్ నుండి షాబ్రిడ్జ్ వరకు 128 కిలోమీటర్ల పొడవున సాగింది. ఉద్యోగ విరమణను తలచుకొనే వయస్సులో ఆయన రెండవ జీవితం ఆరంభమైంది.

ఆయన సాధనను గ్రహించాలంటే ఆ విద్యలోని మర్మం కొంత తెలియాలి. స్కీ నడుమభాగాన, పాదం క్రింద, పట్టునిచ్చే మైనం పూస్తారు. ఒక కాలితో స్కీని మంచుకు అదిమినప్పుడు ఆ మైనం పట్టు ఇస్తుంది. ఆ ఊతతో రెండవ కాలు ముందుకు జారుతుంది. కుడికాలు సాగినప్పుడు ఎడమచేయి సాగుతుంది. జారే కాలిపై దేహభారం పూర్తిగా మోపగలిగినవాడే ఒక్క అదుపుతో ఎక్కువ దూరం పోగలడు. వయస్సు మీరినవారిలో సమతూకం తగ్గుతుంది. పడతామన్న భయంతో భారాన్ని రెండు కాళ్లకూ పంచుకుంటారు. అప్పుడు జారడం పోయి ఈడ్చుకొని నడవడం మిగులుతుంది. కాబట్టి దూరపు పందేలలో పాల్గొనే వృద్ధులు కర్రలు లేకుండా, ఒంటికాలిపై నిలిచి జారడం పదేపదే అభ్యసించాలి. చదునైన చోట రెండు కర్రలను ఒకేసారి నాటి, భుజబలం ఒక్కటే కాక నడుము వంచి దేహభారంతో నెట్టడం నేర్చుకోవాలి.

శిక్షణలోనూ వివేకం అవసరం. ఏళ్లు గడిచేకొద్దీ గుండె అందుకోగల గరిష్ఠ వేగం తగ్గుతుంది, కండ కరుగుతుంది, అలసట తీరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అందువల్ల ఎక్కువ భాగం సాధన తోడివానితో మాట్లాడుతూ సాగగలిగిన నెమ్మదైన వేగంలో జరగాలి. వారానికి ఒకటి రెండు మార్లు మాత్రమే కొద్దిసేపు తీవ్రశ్రమ చేసి, ఆ తరువాత తగిన విశ్రాంతి తీసుకోవాలి. కండబలం కాపాడుకొనే వ్యాయామం వేసవిలోనూ మానరాదు. పందెంలో ఆరంభాన తొందరపడరాదు, ఆకలి దప్పులు బాధించకముందే కొద్దికొద్దిగా ఆహారపానీయాలు తీసుకోవాలి. నిదానమే ప్రధానమన్న మన సామెతకు ఇంతకంటె చక్కని తార్కాణం లేదు. ఏటేటా అడవిలో నడచి, బాటలు నరికి, చలికాలమంతా స్కీలపై తిరిగిన యోహాన్సెన్‌కు బ్రతుకే వ్యాయామశాల అయినది.

అయితే ఆయన శ్రమకు ఫలితం వెంటనే దక్కలేదు. మనుషులను కొండపైకి లాగే తాళ్లయంత్రాలు ఆ ప్రాంతానికే వచ్చాయి. జనం ఎక్కే కష్టం విడిచి, దిగే సుఖానికి అలవాటుపడ్డారు. దూరపు బాటలు క్రమంగా ఆదరణ కోల్పోయాయి. మరొకరైతే నిరాశ చెందేవారు. ఆయన తన నడక తాను నడుస్తూనే ఉన్నారు. చివరికి కాలమే తిరిగివచ్చింది. 1967లో, రెండు రోజులలో 160 కిలోమీటర్లు సాగే కెనడియన్ స్కీ మారథాన్ మొదలైంది. అప్పటికి ఆయన తొంభైఒకటవ ఏట ఉన్నారు. పాత విద్యకు కొత్త తరం వచ్చింది, దానికి ఆయనే ఆదర్శమూర్తి. 1972లో కెనడా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ కెనడా పురస్కారంతో గౌరవించింది. నూరు దాటిన తరువాత కూడా ఆయన స్కీలు విడువలేదు. 1987 జనవరి 5న, 111వ ఏట, పుట్టిన దేశమైన నార్వేలోనే కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! దీర్ఘాయువు అందరికీ లభించే వరం కాదు. అది మన చేతిలో లేదు. కాని అన్నీ పోయిన నాడు తనకు తెలిసిన ఒక్క విద్యను ఆశ్రయించి, లోకం ఆదరించినా ఆదరించకపోయినా దానిని ప్రతిదినం సాధన చేయడం మన చేతిలో ఉన్నది. పరీక్షకు ముందటి నెల మాత్రమే పుస్తకం తెరిచేవారికీ, పందెం ముందటి వారం మాత్రమే మైదానం చూచేవారికీ యోహాన్సెన్ జీవితం ఒక మందలింపు. దూరప్రయాణంలో గెలుపు ఆరంభశూరత్వానికి కాదు, అలవాటుకు దక్కుతుంది.