రోజుకు 15 పెన్నీలు

మహాత్మాగాంధీ పేరు వినగానే మనకు చేతికర్ర, రాట్నం, బోసినవ్వు గుర్తుకొస్తాయి. పాఠ్యపుస్తకాల్లో మనం చదువుకున్నది ఆ గాంధీ గురించే. ఈ వార్షికోత్సవ సంచికలో మేము రాయదలచుకున్నది అంతకు చాలా ముందటి గాంధీ గురించి. ఊరుగాని ఊళ్లో ఒక్క గది అద్దెకు తీసుకుని, స్టవ్ మీద జావ కాచుకుని, రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఖర్చు లెక్క రాసుకున్న ఇరవై ఏళ్ల విద్యార్థి గురించి.

మేము ఈ వసతిగృహంలో చదువు ముగించుకుని హైదరాబాద్ వెళ్లి, అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ముగ్గురు నలుగురం కలిసి రూము తీసుకుని పోటీ పరీక్షలకు చదివినవాళ్లం. హాస్టల్లో గంట కొడితే ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే చాలు. రూములో ఆ గంట మోగదు. రేపోమాపో తమ్ముళ్లకు కూడా ఆ పరిస్థితి వస్తుంది. అందుకే ఈ కథను ఎంచుకున్నాం. శాకాహారమే గొప్పదని చెప్పడం మా ఉద్దేశం కాదు. మనలో చాలామంది ఇళ్లలో మాంసం తింటారు, ఆదివారం కోడికూర కోసం ఎదురుచూసిన రోజులు మేమింకా మరచిపోలేదు. అయితే నెలాఖరు వచ్చేసరికి రూములో అందరమూ శాకాహారులమే!

గాంధీజీ 1888 సెప్టెంబర్ 4న బొంబాయిలో ఓడ ఎక్కారు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు నిండలేదు. తండ్రి కరంచంద్ మూడేళ్ల క్రితమే చనిపోయారు. బారిష్టరు చదువుకు డబ్బు సర్దింది అన్న లక్ష్మీదాస్. తల్లి పుత్లీబాయికి మాత్రం భయం. సీమకు వెళ్లిన పిల్లలు చెడిపోతారని ఎవరో చెప్పారు. చివరికి బేచర్జీ స్వామి అనే జైన సన్యాసి ఎదుట మాంసం, మద్యం, పరస్త్రీ ముట్టనని కొడుకు ప్రమాణం చేశాక ఆమె ఒప్పుకున్నారు. కులపెద్దలు అప్పటికీ ఒప్పుకోలేదు. సముద్రం దాటితే కులం నుంచి వెలివేస్తామన్నారు, సాయం చేసినవారికీ ఓడ దగ్గర సాగనంపినవారికీ రూపాయి పావలా జరిమానా అని తీర్మానించారు. ఆయన ఆగలేదు.

ఓడలోనే తిండి కష్టం మొదలైంది. కత్తి, ఫోర్కుతో తినడం రాదు. ఏ వంటకంలో మాంసం ఉందో వడ్డించేవాళ్లను అడగడానికి సిగ్గు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పండ్లతోనే ఎక్కువగా కాలం గడిపారు. లండన్ చేరాక రిచ్‌మండ్‌లో ఒక స్నేహితుడి దగ్గర నెల రోజులు ఉన్నారు. పొద్దున ఓట్స్ జావ పెట్టేవారు, దానితో కడుపు నిండేది. మధ్యాహ్నం, రాత్రి మాత్రం పాలకూర, బ్రెడ్డు, జామ్. ఉప్పూకారం లేని ఉడకబెట్టిన కూర నోటికి సహించేది కాదు. ఆకలి ఎక్కువ ఉన్న వయసు, అయినా రెండు మూడు ముక్కల కంటే ఎక్కువ బ్రెడ్డు అడగడం మర్యాద కాదేమోనని అడిగేవారు కాదు. మాంసం తినమని ఆ స్నేహితుడు ప్రేమతోనే పోరేవాడు, ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ పుస్తకం తెచ్చి చదివి వినిపించేవాడు కూడా. తనకు ఆ వాదన అర్థం కాదనీ, అమ్మకిచ్చిన మాట మాత్రం తప్పననీ గాంధీజీ చెప్పేశారు.

తరువాత వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట్లో బస. అక్కడా అదే ఆకలి. ఆమె కూతుళ్లిద్దరూ మరో ముక్క వడ్డించేవారు, ఈయనకు ఏకంగా బ్రెడ్డంతా కావలసి ఉండేది! కొత్తగా హాస్టల్లో చేరి, అన్నం మళ్లీ వేయించుకోవడానికి సిగ్గుపడి చేయి కడిగేసుకునే ఆరో తరగతి పిల్లలు మనకు తెలియనివారు కాదు. ఆ పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుంటుంది.

లండన్‌లో శాకాహార హోటళ్లు ఉన్నాయని ఆ ఇంటావిడ చెప్పడంతో గాంధీజీ వాటిని వెతుక్కుంటూ రోజుకు 10, 12 మైళ్లు నడిచేవారు. దారిలో చౌక హోటల్లో బ్రెడ్డు తినేవారు, ఆకలి తీరేది కాదు. అలా తిరుగుతూ తిరుగుతూ ఒకరోజు ఫారింగ్డన్ స్ట్రీట్‌లో సెంట్రల్ అనే శాకాహార భోజనశాల కనిపించింది. తలుపు దగ్గర అద్దాల వెనుక అమ్మకానికి పెట్టిన పుస్తకాల్లో హెన్రీ సాల్ట్ శాకాహారం మీద రాసిన పుస్తకం ఉంది. షిల్లింగు పెట్టి అది కొన్నారు, ఆ తరువాతే భోజనానికి కూర్చున్నారు. ఇంగ్లండులో అడుగుపెట్టాక ఆయన కడుపునిండా తిన్న మొదటి భోజనం అదే. అంతవరకు అమ్మ మాట కోసం మాంసం మానిన మనిషి, ఆ పుస్తకం చదివాక తన ఇష్టంతోనే మానారు.

అక్కడి నుంచి నేరుగా పొదుపులోకి వెళ్లిపోయారనుకుంటే పొరపాటు. మధ్యలో దొరబాబు వేషం ఒకటి ఉంది. బాండ్ స్ట్రీట్‌లో 10 పౌన్లకు సూటు కుట్టించారు, 19 షిల్లింగులకు టోపీ కొన్నారు. డాన్సు నేర్చుకోవడానికి 3 పౌన్లు, వయొలిన్‌కు మరో 3 పౌన్లు. ఇవన్నీ అన్న పంపిన డబ్బే. సుమారు మూడు నెలల తరువాత కళ్లు తెరిచి పాఠాలన్నీ మానేశారు, వయొలిన్ అమ్మించేశారు.

డబ్బు లెక్క రాయడం మాత్రం ఆ రోజుల్లోనూ మానలేదు. బస్సు చార్జీ, తపాలా బిళ్ల, పేపరు కొన్న చిల్లర నాణేలు, అన్నీ పుస్తకంలో ఎక్కేవి. ఆ లెక్క చూసుకుంటేనే ఖర్చు సగానికి తగ్గించాలన్న ఆలోచన వచ్చింది. మొదట ఆ కుటుంబంతో ఉండడం మాని రెండు గదులు తీసుకున్నారు. పని ఉన్న చోటికి అరగంటలో నడిచి వెళ్లగలిగే దూరంలో చూసుకున్నారు కాబట్టి బండి చార్జీ మిగిలింది, పైగా రోజుకు 8, 10 మైళ్ల నడక కలిసివచ్చింది. ఆ నడక వల్లే ఇంగ్లండులో తనకు పెద్దగా జబ్బు చేయలేదని ఆయన నమ్మకం.

ఆ తరువాత తనకంటే బీద విద్యార్థి ఒకడు తారసపడ్డాడు. మురికివాడలో వారానికి 2 షిల్లింగుల గది, పూటకు 2 పెన్నీల కోకో, బ్రెడ్డుతో అతను చదువు సాగిస్తున్నాడు. అది చూశాక గాంధీజీ రెండు గదులూ వదిలి ఒక్క గదికి మారారు. ఒక స్టవ్ కొన్నారు. పొద్దున ఓట్స్ జావ, కోకోకు వేడినీళ్లు. వంటంతా కలిపి 20 నిమిషాలు దాటేది కాదు. మధ్యాహ్నం బయట భోజనం. రాత్రి గదిలోనే బ్రెడ్డు, కోకో. ఇలా రోజుకు షిల్లింగు 3 పెన్నీలతో గడిచిపోయింది. షిల్లింగుకు 12 పెన్నీలు కనుక మొత్తం 15 పెన్నీలు, అప్పటి మారకంలో మన రూపాయికి కొంచెం తక్కువ. మేము సరదాగా లెక్క వేసి చూశాం. ఆ 10 పౌన్ల సూటు ఖరీదు ఇలాంటి 160 రోజుల తిండికి సమానం!

మధ్యాహ్నం బయట తినడంలోనూ ఒక పద్ధతి ఉంది. అక్కడి శాకాహార భోజనశాలల్లో రెండు భాగాలుండేవి. ఒకవైపు కోరిన వంటకాలన్నీ తెప్పించుకోవచ్చు, భోజనానికి షిల్లింగు నుంచి రెండు షిల్లింగులయ్యేది. రెండోవైపు 6 పెన్నీలకే మూడు వంటకాలు, ఒక బ్రెడ్డు ముక్క. పొదుపు రోజుల్లో గాంధీజీ రెండోవైపే కూర్చునేవారు. గదిలో తేలికైనది మాత్రం చేసుకుని, శ్రమతో కూడినది బయట చవకగా తినడమన్నమాట. రూములో అన్నం వండి కర్రీ పాయింట్ నుంచి పప్పు ప్యాకెట్ తెచ్చుకునే మన పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే.

ఇంటి నుంచి తెప్పించుకునే మిఠాయిలు, మసాలాలు ఆపేశారు. రిచ్‌మండ్‌లో చప్పగా తోచిన ఉడికిన పాలకూర ఇప్పుడు రుచిగానే అనిపించింది. గుడ్లు మాంసం కావనే వాదన విని కొన్నాళ్లు తిన్నారు కూడా. కానీ ప్రమాణం చేయించుకున్న అమ్మ దృష్టిలో గుడ్డు కూడా మాంసమేనని గుర్తొచ్చి మానేశారు. దాంతో కేకులో గుడ్డు ఉందా, పుడ్డింగులో ఉందా అని అడగవలసివచ్చేది. ఓడలో నోరు విప్పని మనిషికి అడగడం అలవాటైంది. బారిష్టరు చదువులో భాగంగా ఇన్నర్ టెంపుల్‌లో తప్పనిసరిగా హాజరు కావలసిన విందులు ఉండేవి. ఒక్కో విందుకు రెండున్నర నుంచి మూడున్నర షిల్లింగులు, అంటే ఆయన రెండు మూడు రోజుల తిండి ఖర్చు. మొదట్లో ఏమీ తినేవారు కాదు. తరువాత శాకాహారం కావాలని అడిగి పెట్టించుకున్నారు. నలుగురికి రెండు సీసాల చొప్పున మద్యం ఇచ్చేవారట, ఈయన తాగరు కాబట్టి తమ బల్లకు రమ్మని తోటివాళ్లు పోటీపడేవారు!

ఇక్కడ మనసులో మాట ఒకటి చెప్పాలి. గాంధీజీ దివాను కొడుకు. తగ్గించుకోవడానికి ఆయన దగ్గర ఖర్చంటూ ఒకటి ఉంది, ఎప్పుడైనా అన్నకు ఉత్తరం రాయగలరు. అదే లండన్‌లో 1920 నుంచి చదువుకున్న అంబేడ్కర్ గారు జీతంలో మిగుల్చుకున్నదీ, కొంత అప్పూ, కొల్హాపూర్ మహారాజు సాయమూ పోగేసుకుని వెళ్లి, అర్ధాకలితో గ్రంథాలయాల్లో పగలంతా గడిపారు. ఎంచుకున్న పేదరికం వేరు, పుట్టుకతో వచ్చిన పేదరికం వేరు. ఆ తేడా గాంధీజీకి తెలియదని కూడా అనలేం. 1891లో లండన్‌లోని 'వెజిటేరియన్' పత్రికలో ఆయన భారతీయుల ఆహారం గురించి వరుసగా వ్యాసాలు రాశారు. రోజుకు ఒక పూట, చద్దిరొట్టె, ఉప్పుతో బతికే పేదలు మన దేశంలో ఉన్నారనీ, ఆ ఉప్పు మీద కూడా పెద్ద పన్ను ఉందనీ అందులో చెప్పారు. దండిలో ఉప్పు తీసింది 39 ఏళ్ల తరువాత, 1930లో.

1891 జూన్ 10న బారిష్టరు పట్టా వచ్చింది. 12న ఓడ ఎక్కారు. బొంబాయిలో దిగాకగాని అమ్మ చనిపోయిన సంగతి తెలియలేదు. పరాయి దేశంలో తట్టుకోలేడని అన్న చెప్పకుండా దాచారు. ఎవరి కోసం మూడేళ్లు మాట నిలుపుకున్నారో, నిలుపుకున్నానని ఆమెకు చెప్పుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది.

రాజకోట ఇంట్లో ఆయన ఓట్స్ జావ, కోకో ప్రవేశపెట్టారు. లండన్‌లో ఖర్చు తగ్గించిన ఆ తిండే ఇక్కడికి వచ్చేసరికి దొరల తిండి అయి కూర్చుంది, కొత్తగా వచ్చిన బూట్లు, సూట్లతో పాటు ఇంటి ఖర్చు పెంచింది. కొన్నాళ్లకు ప్రాక్టీసు కోసం బొంబాయి వెళ్లి వేరే కాపురం పెట్టారు. వంటకు కుదిరిన రవిశంకర్‌కు వంట అంతంతమాత్రమే. చేసేది లేక గాంధీజీ మళ్లీ ఒక స్టవ్ కొని, అతని పక్కనే నిలబడి వండడం మొదలుపెట్టారు.