వినిపించని తంత్రి: ఫ్రెడ్డీ గ్రీన్

కచేరీకి వెళ్ళిన వారెవరూ తంబురా కోసం చెవి ఒగ్గరు. అది ఆగిన క్షణాన మాత్రం గాయకుని గొంతు ఆధారం కోల్పోయినదని సభకంతటికీ తెలిసిపోతుంది. అమెరికా జాజ్ సంగీతంలో అటువంటి స్థానాన్ని తానై ఎన్నుకొన్న వాద్యకారుడు ఫ్రెడ్డీ గ్రీన్. తంబురా శ్రుతిని నిలుపుతుంది, ఆయన లయను నిలిపాడు, పోలిక అంతవరకే.

ఆయన 1911 మార్చి 31న దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్ నగరంలో జన్మించాడు. మొదట బాంజో, పిమ్మట గిటారు పట్టాడు. చిన్ననాటనే తల్లిదండ్రులు గతించగా న్యూయార్కులో బంధువుల పంచన చేరాడు. అక్కడ ఒక చిన్న క్లబ్బులో ఆయన వాయించగా విన్న జాన్ హామండ్, కౌంట్ బేసీకి సిఫారసు చేశాడు. 1937లో గ్రీన్ బేసీ బృందంలో చేరాడు.

అప్పటికే గిటారుకు విద్యుత్తు వచ్చింది. గ్రీన్ కూడా కొన్నాళ్ళు ఆ ప్రయోగం చేశాడనీ, తోటివారే ఏదో ఒక వంకతో ఆ యంత్రాన్ని మూగబుచ్చేవారనీ చెబుతారు. ఆ దారి ఆయన విడిచిపెట్టాడు. మరి బాకాలు, డ్రమ్ములు మ్రోగే అంత పెద్ద బృందంలో ఉత్త గిటారు నిలిచేదెట్లు?

దీనికి బోస్టన్‌లోని తండ్రీకొడుకులు చార్లెస్, ఎల్మర్ స్ట్రోంబర్గుల పనితనం తోడయింది. వారు చేతితో మలచిన ‘మాస్టర్ 400’ వెడల్పు 19 అంగుళాలు. పైపలకను వయొలిన్ వలె కమానుగా చెక్కి, ఇరుప్రక్కలా ఎఫ్ అక్షరం వంటి రంధ్రాలు తొలిచేవారు. వారి దుకాణం నుండి వెలువడిన గిటార్లు మొత్తం సుమారు 640 మాత్రమే. ఆ ఇద్దరూ 1955లోనే కన్నుమూశారు. గ్రీన్ తంతులను పలక నుండి బాగా ఎత్తున ఉంచేవాడు. వ్రేళ్ళకు అది శిక్షయే, నాదానికి మాత్రం బలం. నాలుగు మాత్రలకూ నాలుగు మీటులు. అందులోనూ ఒకటి రెండు తంతులనే పలకనిచ్చి తక్కినవాటిని అణచివేసేవాడు. ఒంటరి వాదన దాదాపు లేదు. రికార్డులలో ఆయన కోసం వెదకిన మాకు మొదట ఏమీ దొరకలేదు. డ్రమ్ముతో కలిసిపోయిన ఆ సన్నని టకటక ఆయనదేనని తెలియడానికి నాలుగైదు సార్లు వినవలసి వచ్చింది.

1950లో ఖర్చు భరించలేక బేసీ బృందాన్ని కుదించి, గ్రీన్‌ను వదలివేశాడు. కొంతకాలానికి ఒకనాడు ఆయన పిలుపు లేకుండానే గిటారుతో వచ్చి తన చోట కూర్చున్నాడట. మళ్ళీ ఆయనను లెమ్మన్నవారు లేరు. 1984లో బేసీ మరణించిన తరువాత కూడా ఆ కుర్చీ వీడలేదు. 1987 మార్చి 1న లాస్ వేగాస్‌లో గ్రీన్ పరమపదించాడు. ఆ బృందంలో చేరి అప్పటికి యాభై ఏండ్లు.