శ్వాసకు కావలి: డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ

మత్తుమందు లేని రోజుల్లో శస్త్రచికిత్స అనగానే రోగి హడలిపోయేవాడు. నలుగురు కదలకుండా పట్టుకొంటే తప్ప వైద్యుని కత్తి ఆడేది కాదు. 1847లో ఎడింబరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను వాడుకలోకి తేవడంతో ఆ యాతన తీరింది. కానీ మరొక భయం పుట్టింది. నొప్పి తెలియకుండా నిద్రించిన రోగులలో కొందరు మళ్ళీ కన్ను తెరవలేదు. ఆ మరణాలకు కారణాన్ని హైదరాబాదు నగరంలో అన్వేషించినవారిలో డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు.

పార్శీ కుటుంబానికి చెందిన రూపాబాయి 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరారు. స్త్రీలు గడప దాటడమే అరుదైన ఆ కాలంలో అక్కడి తొలి విద్యార్థినులలో ఆమె ఒకరు. 1889లో హకీం పట్టం పొందారు.

ఆమె గురువు సర్జన్ ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫాం వల్ల ముందుగా శ్వాస, ఆ తరువాతే గుండె ఆగుతాయనీ, వైద్యుడు రోగి ఊపిరినే కనిపెట్టి ఉండాలనీ ఆయన వాదం. దానిని పరీక్షించడానికి 1888లోను, 1889లోను క్లోరోఫాం కమిషన్లు ఏర్పడ్డాయి. రెండవదానికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయం చేయగా, లండన్ నుండి లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి పంపింది. ఈ పరిశోధనలలో రూపాబాయి పాలుపంచుకొన్నారు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిపి కమిషన్ లారీ వాదాన్నే సమర్థించింది. అయితే స్వల్ప మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించారు. కమిషన్ తీర్పు సగమే సత్యమని తేలింది. ఊపిరిని ఏమరక చూడాలన్న పాఠం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ పాఠాన్నే రూపాబాయి వృత్తిగా స్వీకరించారు. రెసిడెన్సీ, అఫ్జల్‌గంజ్, జనానా ఆసుపత్రులలో రోగులకు మత్తు ఇచ్చారు. మత్తువైద్యానికి ప్రత్యేక విద్య లేని ఆ రోజుల్లో, వాయువుల స్వభావం తెలుసుకోవాలనే తపనతో 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు అభ్యసించారు. తిరిగివచ్చి, చాదర్‌ఘాట్ ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా 1920లో పదవీ విరమణ చేశారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఆమెను పలువురు గుర్తిస్తున్నారు.

నేడు శస్త్రచికిత్సలలో క్లోరోఫాం లేదు. ఉదరానికి శస్త్రచికిత్స చేసేటప్పుడు రోగిని నిద్రపుచ్చడంతోపాటు, అల్ట్రాసౌండ్ తెరపై చూస్తూ పొట్టగోడలోని నరాల చెంత మందు ఎక్కించి, తరువాతి నొప్పిని కూడా తగ్గించగలుగుతున్నారు. సాధనాలు మారాయి. మాటలాడలేని రోగి తలాపున నిలిచి, అతని ప్రతి శ్వాసకూ బాధ్యత వహించే ధర్మం మాత్రం మారలేదు. ఆ ధర్మానికి జీవితాన్ని అంకితం చేసిన రూపాబాయి చిరస్మరణీయురాలు.