జంగమ వాఙ్మయమును వెదకిన బ్రౌను దొర

క్రీ.శ. 1840వ సంవత్సరమున చెన్నపురి నుండి వెలువడుచుండిన ఒక ఆంగ్ల విద్వత్పత్రికలో జంగముల మతమును, ఆచారములను, వాఙ్మయమును గూర్చి ఒక దీర్ఘవ్యాసము ప్రకటితమయ్యెను. దానిని వ్రాసినవాడు వీరశైవుడు కాడు, ఆంధ్రుడును కాడు. ఆంగ్లేయ క్రైస్తవ మతాచార్యుని కుమారుడు, కుంఫిణీ కొలువులోని ఉద్యోగి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను అను పేరు తెలుగు నిఘంటువును తెరచిన వారికందరకు పరిచితమే. కాని నిఘంటుకర్త యగుటకు పూర్వము ఆయన ఎవరెవరిని ఆశ్రయించి, ఏమేమి నేర్చుకొనెనో ఎరిగినవారు కొలదిమంది.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను బహుభాషావేత్త. ఆయన కుమారునకు బాల్యముననే హిబ్రూ, అరబీ, పారశీక, హిందూస్థానీ భాషల రుచి చూపెను. 1812లో తండ్రి గతించుటతో కుటుంబము ఇంగ్లండు చేరెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో ఉద్యోగమునకు వలసిన చదువు ముగించి, 1817 ఆగస్టు మాసమున బ్రౌను చెన్నపట్టణమున ఓడ దిగెను. కుంఫిణీ నియమము ననుసరించి దేశభాషలు నేర్వవలసి వచ్చినపుడు, వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు గురువయ్యెను. 1820లో పరీక్ష ముగిసినది. ఆ సంవత్సరమే గవర్నరు పదవికి వచ్చిన సర్ థామస్ మన్రో, ప్రజల భాష తెలియని అధికారి ప్రజలకు మేలు చేయజాలడని యువోద్యోగులకు హితవు చెప్పెను. ఆ హితవు విన్నవారు పలువురు. దానిని పట్టుకొని జీవితాంతము నడచినవారు అరుదు.

పంతులుగారి వలన అక్షరములు, వ్యాకరణము అబ్బినవి. అవి తెలుగు కాదని బ్రౌనునకు తెలిసినది కడపలో. 1820 ఆగస్టులో ఆయన అచ్చటి కలెక్టరు కచ్చేరీలో సహాయోద్యోగిగా చేరెను. కలెక్టరు హన్బరీ జనులతో ధారాళముగా తెలుగున మాటలాడువాడు. బ్రౌను కూడ అట్లే రైతులతో, కరణములతో, బంట్రోతులతో మాటలాడ సాగెను. కళాశాలలో చదివిన గ్రంథభాషకును, రైతు మొరపెట్టుకొను భాషకును ఎంతటి అంతరమున్నదో నాడే ఆయనకు గోచరించెను. మరుసటి సంవత్సరమే అచ్చట తన ఖర్చుతో రెండు ఉచిత పాఠశాలలు నెలకొల్పెను. ఇరువది మూడేండ్ల యువకుడు చేసిన పని యిది.

తరువాత ఆయనకు మచిలీపట్టణమునకు బదిలీ అయ్యెను. 1824లో అచ్చట నుండగా, డ్యూబోయి అను ఫ్రెంచి మతగురువు హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథమున వేమన యను కవి పేరు బ్రౌను కంట బడెను. తన చుట్టు నున్న పండితులను విచారింపగా వారు పెదవి విరిచిరి. వేమనను కవిగా లెక్కింప దగదనియు, అది పామరుల పాటయనియు వారి భావము. తెలుగు నేర్పిన వారే అట్లు చెప్పినప్పుడు, పరదేశి యగు శిష్యుడు ఆ మాటను తలదాల్చి ఊరకుండుటయే సహజము. బ్రౌను ఊరకుండలేదు. పండితులు తోసిపుచ్చిన పద్యములు ఇన్ని యూళ్ల జనుల నోట నిలిచియుండుటకు కారణమేమని ఆయన తనలో తర్కించుకొనెను. పండితుల యిండ్ల నుండి గాక, ఇతరుల యిండ్ల నుండి తాళపత్రములు తెప్పించెను. ఒక ప్రతిలోని పద్యము మరియొక ప్రతిలో లేదు. ఉన్నచో పాఠము వేరు. వరుస యనునది ఎచ్చటను లేదు. వాని నన్నిటిని కాగితముపై వ్రాయించి, పోల్చి చూచి, విషయానుసారముగా విభజించి, ఆంగ్లానువాదముతో 1829లో ముద్రింపించెను. ఆ సంపుటములోని పద్యములు 693. పదియేండ్ల తరువాత వెలువడిన రెండవ కూర్పులో అవి 1164 అయ్యెను.

ఈ నడుమ బ్రౌను రాజమహేంద్రవరములో కొంతకాలము పనిచేసి, 1826లో మరల కడపకు వచ్చెను. ఊరి వెలుపల ఒక బంగళాయును, తోటయును కొని, అచ్చట పండితులను, లేఖకులను నిలిపి తన జీతములోనుండియే వారిని పోషించెను. జనులు దానిని బ్రౌను కాలేజీ యని పిలిచిరి. ప్రతి గ్రంథమునకు పెక్కు తాళపత్ర ప్రతులను సేకరించుట, పాఠభేదములను గుర్తించుట, శుద్ధప్రతిని వ్రాయించుట, పిమ్మట వ్యాఖ్యలు, పదసూచికలు కూర్పించుట అచ్చటి నిత్యకృత్యము. మనుచరిత్రకు వ్యాఖ్య వ్రాసిన జూలూరి అప్పయ పండితుడు ఇట్టి సహచరులలో ముఖ్యుడు. జీతము చాలలేదు, బ్రౌను అప్పులు చేసెను. పండితుల వ్యాకరణ చాదస్తమును గూర్చి ఆయన కటువుగా వ్రాసిన మాట నిజము. కాని ఆ పండితులు లేనిదే తన పని యొక అడుగైన సాగదనియు ఆయన ఎరుగును. విసుగుకొనుచునే వారిని విడువక నిలుపుకొనుట యందు ఆయన గుణము తెలియును.

వేమన పద్యములే బ్రౌనును జంగముల వాకిటికి నడిపించినవనుట తప్పు గాదు. శివుడు, లింగము, గురువు, కులనిరసనము మున్నగు మాటలు ఆ పద్యములలో అడుగడుగున తగులును. వాని యర్థమును సంప్రదాయ పండితుల నడిగినచో లభించునది సగమే. శైవమున వీరమార్గ మవలంబించినవారిని గూర్చి ఆ కాలపు పండితులలో పెక్కురకు సదభిప్రాయము లేదు. వారి గ్రంథములు ద్విపదలో నున్నవి. ద్విపద స్త్రీలకు, పామరులకు తగిన ఛందస్సని చిన్నచూపు. అవి వేదబాహ్యములనియు కొందరి నింద. ఒక మతమును గూర్చి ప్రతిపక్షులు చెప్పిన మాటనే ప్రమాణముగా గైకొని గ్రంథములు వ్రాసిన ఐరోపీయులకు నాడు కొదవ లేదు. వారికి అంతకంటె సులభమైన దారియు లేదు.

బ్రౌను ఆ దారి త్రొక్కక జంగములనే అడిగెను. ఇది చెప్పినంత తేలిక కాదు. మఠములలోను, గృహములలోను పూజాద్రవ్యములతో సమానముగా కాపాడుకొను గ్రంథములను అన్యమతస్థుడగు అధికారి చేతికి ఎవరు ఇత్తురు? ప్రజలు దొరను చూచి జంకు కాలమది. అయినను ఆయన సేకరణములో పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలుగా జంగమ గ్రంథములు పెక్కు చేరెను. ఆయన వానిని అటకమీద పెట్టింపలేదు, చదివెను. పండితులు చిన్నచూపు చూచిన ద్విపదలో జాను తెలుగు సొగసు ఆయన చెవికి సోకెను. భాష నేర్వగోరువారు ప్రౌఢకావ్యములకు ముందు ద్విపదలను చదువుట మేలను నిశ్చయమునకు వచ్చెను.

ఆ కృషికి ఫలము 1840 నాటి వ్యాసము. కళ్యాణమున బిజ్జలుని కాలమున బసవేశ్వరుడు సాగించిన ఉద్యమము, గురులింగజంగములయందలి భక్తి, దేహముపై లింగధారణము, జన్మచేత హెచ్చుతగ్గులను ఒప్పుకొనకుండుట, స్త్రీలకు గల గౌరవము, మృతులను భూమిలో సమాధి చేయు ఆచారము మొదలగు విషయములను ఆయన అందు వివరించెను. బసవపురాణమును పరిచయము చేయుచు వేరొక రచనయు చేసెను. మహిమల కథలను ఆయన ప్రొటెస్టెంటు కంటితోనే చూచెను. భక్తుని గుండెకు తగులు కొన్ని తావులు ఆయనకు అందలేదు. అందిన మేరకు మాత్రము నిందాదృష్టి లేక వ్రాసెను. ద్విపద బసవపురాణమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపుల పీఠికతో 1926లో ప్రకటించిరి. అది 1990లో ఆంగ్లమున అనువాదమై అమెరికాలో వెలువడెను. ఈ రెంటికిని ఎంతో ముందే ఒక పరదేశి ఆ గ్రంథమును తెరచి లోకమునకు చూపెనను సంగతి పాఠకులు గమనింపదగినది.

కళ్యాణమున రాజు కొలువులో ఉన్నతాధికారి యగు బసవేశ్వరుడు మడివాళ మాచయ్యను, పడవ నడుపు అంబిగర చౌడయ్యను, త్రాళ్లు పేను నులియ చందయ్యను చేరదీసి, వారి అనుభవమును విని తాను నేర్చుకొనిన వృత్తాంతము మన కందరకు తెలిసినదే. అది భక్తి; బ్రౌనుది జిజ్ఞాస. రెంటికిని పోలిక లేదు. అయినను అధికారపీఠము మీద కూర్చుండినవాడు క్రిందికి దిగి అడుగుట యను ఒక్క విషయమున, ఆ గ్రంథమును చదువుచున్న దొరకు తాను నడచుచున్న దారి అందు కానవచ్చి యుండును.

బ్రౌను నేర్చుకొనినది గ్రంథములకే పరిమితము కాలేదు. 1832–33లో గుంటూరు సీమను ఘోరమైన కరవు చుట్టుముట్టెను. అప్పుడు అచ్చట అధికారిగా నుండిన బ్రౌను, పై అధికారులకు ఇష్టము లేకున్నను, తన లేఖలలో దానిని కరవనియే వ్రాసెను. ఎద్దడి యని వ్రాసినచో పైవారికి సుఖము. పండ్రెండేండ్లుగా జనుల మాటను చెవినిడినవాడు మాత్రము వారు పలికిన పేరునే కాగితము మీద పెట్టెను. 1834లో ఆయన కొలువు వీడి ఇంగ్లండు పోవలసి వచ్చెను. అచ్చట సయితము ఆయన ఊరకుండలేదు. ఇండియా హౌసు గ్రంథాలయమున పట్టించుకొనువారు లేక పడియున్న దక్షిణదేశ భాషల వ్రాతప్రతులను పరిశీలించి, చెన్నపట్టణమునకు చేర్పించెను.

మరల వచ్చి పారశీక అనువాదకుడుగను, పిమ్మట తపాలా శాఖాధిపతిగను పనిచేయుచు, తెలుగు వ్యాకరణమును 1840లోను, తెలుగు–ఆంగ్ల నిఘంటువును 1852లోను ప్రకటించెను. ఆయన వెనుక తిరిగిన త్రోవలన్నియు ఆ నిఘంటువులో కనబడును. కవుల పదముల ప్రక్కనే రైతుల పదములున్నవి. కచ్చేరీలలో చెల్లు అరబీ, పారశీక, హిందూస్థానీ పదములకు జిల్లా నిఘంటువను పేర వేరొక పుస్తకమునే కూర్చెను. తాతాచార్యులను కథకుడు చెప్పిన కథలను చెప్పినవి చెప్పినట్లు వ్రాయించి 1855లో అచ్చువేయించెను. వినోదమునకు చెప్పు కథలు అచ్చునకు తగవని నాటివారికి తోచియుండ వచ్చును. నేడు ఆనాటి మాటతీరును తెలిసికొనుటకు అవియే ఆధారములు.

సేకరించిన వ్రాతప్రతులను బ్రౌను తన వెంట తీసికొనిపోలేదు. 1840ల నడుమనే వానిని చెన్నపురి సాహిత్య సంఘమునకు ఒసగెను. అవి క్రమముగా ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరి, ఆ పిమ్మట ఎందరో పరిష్కర్తలకు ఉపకరించెను.

1855లో ఆయన ఇంగ్లండునకు తరలిపోయెను. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. మరుసటి యేట తన సాహిత్యజీవితమును తానే సంగ్రహముగా వ్రాసికొనెను. వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12న, 86 ఏండ్ల వయస్సున లండనులోనే మరణించెను. కడపలో ఆయన బంగళా కాలక్రమమున శిథిలమయ్యెను. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతుల పూనికతో ఇరువదవ శతాబ్ది చివరి పాదమున ఆ స్థలమున ఆయన పేర గ్రంథాలయము వెలసెను. తరువాత అది భాషాపరిశోధన కేంద్రముగా యోగి వేమన విశ్వవిద్యాలయమున చేరెను.